కొస ఎండిందా, కింది ఆకు పండిందా?

ఫోటో చూశాను తల్లీ. ఆకు పసుప్పచ్చగా అయిందని తెలుస్తూనే ఉంది. కానీ ఫోను నిండా ఆ ఒక్క ఆకే పట్టేట్టు తీశావు. అది మొక్కలో ఎక్కడిది? మట్టికి దగ్గరగా అడుగున ఉన్నదా, తీగ చివర నిన్నమొన్న విచ్చుకున్నదా? అదొక్కటే అలా అయిందా, నాలుగైదు ఒకేసారి అయ్యాయా? ఈనెలు ఇంకా పచ్చగానే ఉన్నాయా? ఆకు తిప్పి వెనకవైపు చూశావా? ఇవేవీ చెప్పకుండా "ఏం మందు కొట్టాలి తాతయ్యా" అంటే నేనేం చెప్పను!

ఆకులో పచ్చదనం పత్రహరితానిది, పసుపు కెరొటినాయిడ్లది. రెండూ ఆకులో ఉన్నవే. పత్రహరితం దండిగా ఉన్నన్నాళ్ళూ పసుపు బయటపడదు. అది తగ్గగానే కనబడుతుంది. నీళ్ళు ఎక్కువైనా, తక్కువైనా, వెలుగు చాలకపోయినా, ఇనుము అందకపోయినా, ఆకుకు వయసు మీరినా చివరికి తేలేది ఆ పసుపే. కనక ఒట్టి రంగు చూసి కారణం చెప్పడం కుదరదు. ఏ ఆకులో, ఆకులో ఏ చోట మొదలైందో చూస్తే మాత్రం చాలావరకు చెప్పొచ్చు.

ముందు ఏ ఆకు అన్నది. మొక్క మహా పొదుపరి. కింది ఆకు ముసలిదైందంటే దాన్ని ఊరికే రాల్చేయదు. అందులోని నత్రజని, భాస్వరం, పొటాషియం, మెగ్నీషియం వీలైనంత వెనక్కి లాక్కుని, పైన చిగుళ్ళకు పంపి, పిప్పిని వదిలేస్తుంది. అందుకే అప్పుడప్పుడు అడుగున ఒక ఆకు పండి రాలితే కంగారు పడక్కర్లేదు. వరసగా రాలుతూ ఉంటేనే ఆలోచించాలి. వేళ్ళు బాగున్నాయి, వెలుగు బాగుంది, అయినా కింది ఆకులు ఒకదాని తర్వాత ఒకటి పండిపోతున్నాయంటే నత్రజని చాలక పాత ఆకుల్ని కరిగించుకుని కొత్తవాటిని పెంచుకుంటోందన్నమాట. కుండీలో ఏళ్ళ తరబడి అదే మట్టి ఉంటే అలాగే అవుతుంది. గుప్పెడు వానపాముల ఎరువు వేస్తే సరి. పాత ఆకుల్లోనే ఈనెలు పచ్చగా ఉండి, వాటి మధ్య జాగా పసుపెక్కితే మెగ్నీషియం తక్కువైందని అనుమానించు. పత్రహరితం అణువుకు నట్టనడుమ కూర్చునేది ఒక మెగ్నీషియం పరమాణువే. ఆ పచ్చ పదార్థం గుట్టు విప్పిన విల్‌స్టాటర్ అనే జర్మన్ రసాయన శాస్త్రజ్ఞుడికి 1915లో నోబెల్ వచ్చింది.

ఇనుము తీరు వేరు. ఒకసారి ఒక ఆకులో చేరిందంటే అక్కణ్ణించి పెద్దగా కదలదు. కింది ఆకుల్లో ఎంత ఉన్నా కొత్త చిగురు కరువులోనే పుడుతుంది. కాబట్టి కింద అంతా నిగనిగలాడుతూ, పైన లేత ఆకులు మాత్రం పాలిపోయి, వాటిమీద పచ్చటి ఈనెలు గీతలు గీసినట్టు కనబడితే అది ఇనుము కథ. విచిత్రమేమిటంటే చాలాసార్లు మట్టిలో ఇనుము ఉంటుంది, మొక్కకే అందదు. మీ అపార్ట్‌మెంట్‌లో వచ్చే బోరు నీళ్ళ లాంటివి, సబ్బు నురగ సరిగా రాని నీళ్ళు, ఏళ్ళ తరబడి పోస్తే కుండీలో మట్టి క్షారగుణానికి తిరుగుతుంది. ఆ మట్టిలో ఇనుము కరగదు, కరగనిదాన్ని వేరు తాగలేదు. 1840లలోనే యూసెబ్ గ్రీ అనే ఫ్రెంచి ఆయన పాలిపోయిన ఆకులకు ఇనుప లవణపు నీళ్ళు పట్టిస్తే మళ్ళీ పచ్చబడతాయని చూపించాడు. మన రైతులు ఈనాటికీ చేసేది అదే. వేరుశనగ చేను తెల్లబారితే అన్నభేది నీళ్ళలో కలిపి, కాస్త నిమ్మఉప్పు వేసి పిచికారీ చేస్తారు. ఒట్టి అన్నభేది నీళ్ళలో కాసేపటికి తుప్పురంగుకు తిరిగి పనికిరాకుండా పోతుంది. నిమ్మఉప్పు దాన్ని కాపాడుతుంది. నీ కుండీకి లీటరు నీళ్ళలో రెండు గ్రాముల అన్నభేది, చిటికెడు నిమ్మఉప్పు చాలు. అప్పటికప్పుడు కలిపి, ముందు ఒక ఆకుమీద చల్లి రెండు రోజులు చూసి, ఆ తర్వాత మిగతా మొక్కకు. మీ నానమ్మ కరివేపాకు మొదట్లో పుల్లమజ్జిగ పోస్తే నవ్వేదానివి గుర్తుందా? మజ్జిగలో పులుపుంది, మట్టిలో క్షారముంది. అదేమీ మహిమ కాదు, పెద్ద వైద్యమూ కాదు కానీ, పోసే దిక్కు మాత్రం సరైనదే.

ఇలా పోషకాల మాట ముందు చెప్పాను గానీ, ఇంట్లో మొక్కల్ని నిజంగా చంపేది ఎరువు లేకపోవడం కాదు. ప్రేమ. పొద్దున ఒక గ్లాసు, సాయంత్రం ఒక గ్లాసు!

వేరు కూడా ఊపిరి పీల్చుకుంటుంది తల్లీ. ఆకు పగలు ప్రాణవాయువు తయారుచేస్తుందని బళ్ళో చదివావు, కానీ అది వేళ్ళదాకా దిగిరాదు. మట్టి రేణువుల మధ్య సందుల్లో ఉన్న గాలే వేరుకు ఆధారం. నీళ్ళు పోసినప్పుడు ఆ సందులు నిండుతాయి. కాసేపటికి నీళ్ళు దిగిపోయి మళ్ళీ గాలి చేరితే ఇబ్బంది లేదు. రోజూ నింపుతూనే ఉంటే గాలికి చోటేదీ? నీటిలో ఆక్సిజన్ వ్యాపించే వేగం గాలిలో కంటే సుమారు పదివేల రెట్లు తక్కువ. వేరు ఉక్కిరిబిక్కిరై చనిపోతుంది, చచ్చిన వేరును పట్టి కుళ్ళించడానికి పిథియం లాంటి సూక్ష్మజీవులు మట్టిలో సిద్ధంగా ఉంటాయి. వేరు పోయాక కుండీ నిండా నీళ్ళున్నా పైకి ఎక్కించే దిక్కు లేదు. దాంతో ఆకులు వాలిపోతాయి. వాలిపోయాయి పాపం దాహమేమోనని నువ్వు మళ్ళీ ఒక చెంబు పోస్తావు. అదీ వరస.

ఎండకు వాడిందా, నీళ్ళకు వాడిందా అన్నది పట్టుకోవడం కష్టమేం కాదు. నీళ్ళు లేక వాడిన ఆకు పలచబడి కరకరలాడుతుంది. నీళ్ళెక్కువై వాడినది మెత్తగా, పసుపుగా, ఒక్కోసారి మొదట్లో నల్లగా ఉంటుంది, మట్టి దగ్గర ముక్కు పెడితే మురుగు వాసన. అనుమానమొస్తే కుండీ వంచి మొక్కను మెల్లగా బయటికి లాగు. మంచి వేరు తెల్లగానో లేత గోధుమరంగుగానో గట్టిగా ఉంటుంది. కుళ్ళిన వేరును రెండు వేళ్ళతో లాగితే పై తొడుగు ఊడొచ్చి లోపలి దారం మిగులుతుంది. కుళ్ళినంతా కత్తిరించేసి పొడి మట్టిలో నాటాలి. అది మనీ ప్లాంటైతే ఆ బాధ కూడా అక్కర్లేదు, కణుపు దగ్గర ముక్క కోసి సీసా నీళ్ళలో పెట్టు.

ఇంక ఎప్పుడు పోయాలంటావు. వారానికి రెండుసార్లు, మూడుసార్లు అని పట్టికలు రాసుకోకు. వానాకాలం విశాఖలో మూడు రోజులకు ఆరని కుండీ, మే నెల కర్నూల్లో ఒక్క రోజుకే ఎండుతుంది. కుండీ ఎత్తి చూడు. ఇది నా తెలివి కాదు. ఇంగ్లండులో స్టీఫెన్ హేల్స్ అనే మతాచార్యుడు 1727లో అచ్చువేసిన పుస్తకంలో ఉంది. ఒక పొద్దుతిరుగుడు మొక్కను కుండీలో పెట్టి, మట్టిలోంచి నీరు ఆవిరి కాకుండా పైన సీసపు రేకు కప్పి, పొద్దునా సాయంత్రం తూకం వేశాడు. పన్నెండు గంటల పగటిపూట సగటున అర కిలోకి పైగా బరువు తగ్గింది. అదంతా ఆకుల్లోంచి ఎగిరిపోయిన నీరే. నీకు తక్కెడ అక్కర్లేదు. నీళ్ళు పోసిన వెంటనే ఒకసారి ఎత్తు, రెండు మూడు రోజులయ్యాక ఇంకోసారి ఎత్తు. తేలికైతేనే మళ్ళీ పొయ్యి. ఎత్తలేని పెద్ద కుండీ అయితే వేలు రెండు కణుపుల దాకా మట్టిలో గుచ్చి తడి చూడు. పోసేటప్పుడు మాత్రం పిసినారితనం వద్దు, అడుగు కన్నంలోంచి కారేదాకా పొయ్యి. మనం తప్పు చేసేది ఎంత పోశామన్నదాంట్లో కన్నా, ఎంత తొందరగా మళ్ళీ పోశామన్నదాంట్లో.

అడుగున కన్నం లేని పింగాణీ కుండీలు ఎంత అందంగా ఉన్నా నాకు పడవు. పైగా, కన్నం లేకపోతేనేం, అడుగున గులకరాళ్ళు పోశాం కదా అంటారు. రాళ్ళు పోస్తే నీరు బాగా దిగుతుందన్నది వట్టి నమ్మకం. సన్నటి మట్టిలోని నీరు కింద లావు రాళ్ళ దగ్గరికి వచ్చి అక్కడే ఆగుతుంది, పై మట్టి బాగా నానితే గాని రాళ్ళ సందుల్లోకి దిగదు. అంటే ఆ తడి పొర అడుగున ఉండాల్సింది రాళ్ళ ఎత్తున పైకి జరిగి, వేళ్ళకు ఇంకా దగ్గరవుతుంది. రాళ్ళ బదులు మట్టినే గుల్లగా చెయ్యి: కొబ్బరిపొట్టు, కాస్త ఇసుక, ఎండిన ఎరువు. స్నేక్ ప్లాంటుకు ఇంకా గుల్లగా. అది రాత్రిపూట పత్రరంధ్రాలు తెరిచి, పగలు మూసుకుని నీటిని దాచుకునే జాతి. దానికి నువ్వు మరిచిపోవడమే మేలు.

ఇప్పుడు కొసల దగ్గరికి వద్దాం. నువ్వు ఫోటో పంపనిది, నేను మొన్న వీడియో కాల్‌లో నీ వెనక కిటికీ దగ్గర చూసినది. స్పైడర్ ప్లాంటు ఆకులన్నీ పచ్చగానే ఉన్నాయి, ప్రతి ఆకు చివర మాత్రం అంగుళం మేర మాడి ఉంది. లక్కీ బాంబూ కొసలూ అంతే. (అది వెదురు కాదు, డ్రసీనా. ఆఫ్రికా అడవి మొక్క.)

నీరు వేరులోంచి ఎక్కి, ఈనెల వెంబడి పోయి, ఆకులోంచి ఆవిరైపోతుంది. దాంతోపాటు వచ్చిన ఉప్పులు ఆవిరి కావు. అవి ఎంతదూరం పోగలవో అంతదూరం పోయి, దారి అయిపోయిన చోట, అంటే కొసలోనూ అంచుల్లోనూ దిగబడిపోతాయి. చిన్నప్పుడు చినగంజాం తీసుకెళ్ళి చూపించాను కదా, మడిలోకి సముద్రపు నీళ్ళు పెట్టి ఎండబెడితే నీరు పోయి ఉప్పు మిగులుతుంది. ప్రతి ఆకు కొసా అలాంటి ఒక ఉప్పుమడే. పేరుకుని పేరుకుని ఒకనాటికి అక్కడి కణాలు తట్టుకోలేక చస్తాయి, ఆ చోటు గోధుమరంగుకు మాడుతుంది.

ఈ ఉప్పు ఎక్కణ్ణించి వచ్చిందో చెప్పనా? వంటింట్లో ఆర్వో మిషను వదిలేసే నీళ్ళు బకెట్‌లో పట్టి మొక్కలకు పోస్తున్నావు. నీళ్ళు వృథా కాకూడదన్న బుద్ధి మంచిదే. కానీ మిషను నీ గ్లాసులోకి రానివ్వని ఉప్పులన్నీ పోయింది ఆ బకెట్‌లోకే కదా! ఆ నీళ్ళతో నేల తుడుచుకో, బాల్కనీ కడుక్కో. కుండీకి మాత్రం వద్దు. కుండీ అంచున, మట్టి పైన తెల్లటి పొడి పేరుకుందేమో చూడు. ఉంటే ఆ పై పొర గీకి తీసేసి, కుండీని బాత్‌రూములో పెట్టి, మంచి నీళ్ళు నెమ్మదిగా, కుండీ పట్టేదానికి మూడు నాలుగు రెట్లు, అడుగునుంచి కారిపోయేట్టు పొయ్యి. ఉప్పు కరిగి కిందికి పోతుంది. ఆ తర్వాత నాలుగు రోజులు దాని జోలికి పోకు.

లక్కీ బాంబూకు, స్పైడర్ ప్లాంటుకు ఉప్పులతో పాటు ఇంకో శత్రువుంది. ఫ్లోరైడు. మనవాళ్ళకు ఈ పేరు కొత్తదా? దేశంలో ఫ్లోరోసిస్‌ను మొదట గుర్తించింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లాలో. నల్గొండ ఊళ్ళల్లో గ్రానైటు రాళ్ళలోంచి నీటిలో కరిగి వచ్చిన ఫ్లోరైడు తరాల ఎముకల్ని వంచింది. నీటిలోంచి దాన్ని పటిక, సున్నంతో తీసే పద్ధతికి లోకమంతా నల్గొండ పద్ధతి అనే పేరు. మనం తాగే నీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము దాకా ఉంటే పరవాలేదని మన దేశపు ప్రమాణం. డ్రసీనా జాతికి ఆ ఒక్క మిల్లీగ్రామూ ఎక్కువే. నీరు పోయే దారినే ఫ్లోరైడూ పోయి కొసలో చేరుతుంది, పోగవుతూనే ఉంటుంది తప్ప వెనక్కి రాదు. మున్సిపాలిటీ నీళ్ళు రాత్రంతా బకెట్‌లో నిలవుంచితే క్లోరిన్ వాసన ఎగిరిపోతుంది గానీ ఫ్లోరైడు పోదు. కాచినా పోదు, నీరు తగ్గి ఇంకా చిక్కబడుతుంది. సూపర్ ఫాస్ఫేటు ఎరువును ఈ మొక్కల దరిదాపులకు రానివ్వకు, అది తయారయ్యే రాతిలోనే ఫ్లోరైడు ఉంటుంది.

మరి ఏం నీళ్ళు పోయాలి? వాన నీళ్ళు. లేదంటే బాల్కనీలో ఏసీ పైపులోంచి బొట్లుబొట్లుగా కారిపోతున్నవి. గాలిలోని తేమ చల్లటి గొట్టం మీద నీరై కారేదే అది, ఉప్పులు దాదాపుగా ఉండవు. మనం తాగడానికి కాదు సుమా! మొక్కలకు బంగారం. ఉప్పు లేని నీటిలో పోషకాలూ ఉండవు కనక అప్పుడప్పుడు పలచటి ఎరువు నీళ్ళు ఇస్తూ ఉండు.

గాలి పొడిగా ఉన్నా కొసలు ఎండుతాయి, అరెకా పామ్‌కు మరీను. కడియం నర్సరీలో గోదావరి గాలికి, పచ్చ నెట్టు నీడన పెరిగిన మొక్క లారీ ఎక్కి వచ్చి మీ ఏసీ గదిలో దిగితే కొన్నాళ్ళు అలిగి ఆకులు రాలుస్తుంది. కొత్త చోటుకు సరిపడే ఆకులు వేసుకునేదాకా ఓపిక పట్టు, చోటు మారుస్తూ తిప్పకు. అమెరికాలో మీ అన్నయ్యకూ ఇదే గొడవ, కాకపోతే అక్కడ చలికాలం హీటరు. ఆకులమీద రోజూ నీళ్ళు చల్లడం నాకు నచ్చదు. నిమిషాల్లో ఆరిపోయే తేమతో ఒరిగేదేమీ లేదు, తడి ఆరక నిలిస్తే బూజు మచ్చలు వస్తాయి. నాలుగు కుండీలు దగ్గర దగ్గరగా పెట్టు, ఒకదాని చెమ్మ ఇంకొకదానికి అందుతుంది.

వెలుగు గురించి రెండు మాటలు. మన కన్ను మోసగత్తె. ఎండలో సుమారు లక్ష లక్స్ వెలుగుంటే, హాల్లో సోఫా పక్కన వందా రెండొందలు. వెయ్యిలో ఒకటి రెండు వంతులే, అయినా మన కంటికి గది వెలుగ్గానే ఉంటుంది. మొక్క అలా మోసపోదు. కణుపుకీ కణుపుకీ మధ్య దూరం పెరిగి, ఆకులు చిన్నవై, మనీ ప్లాంటు మీది పసుపు చారలు కొత్త ఆకుల్లో మాయమై ఒట్టి పచ్చగా వస్తోందంటే వెలుగు చాలడం లేదు. కిటికీకి జరుపు. అంతేగాని జాలిపడి ఒక్కసారే మిట్టమధ్యాహ్నం ఎండలో పెట్టకు. నీడకు అలవాటైన ఆకు మాడి, ఎండ తగిలిన వైపే తెల్లటి, ఎండుగడ్డి రంగు మచ్చలు పడతాయి. అవి మళ్ళీ పచ్చబడవు.

ఇక ఆకు వెనక్కి తిప్పు. పైన సూదితో గుచ్చినట్టు లెక్కలేనన్ని తెల్లటి చుక్కలుండి, ఆకు దుమ్ము పట్టినట్టు కళ తప్పితే ఎర్రనల్లిని అనుమానించు. అర మిల్లీమీటరు ఉంటుందో లేదో, ఎనిమిది కాళ్ళు, పురుగు కంటే సాలీడుకే దగ్గర చుట్టం. తెల్లకాగితం కింద పట్టి ఆకును తట్టు; రాలిన నలుసులు నడవడం మొదలెడితే అవే. ఎండలు ముదిరి గాలి పొడిబారితే వారం రోజుల్లో ఒక తరం తయారు. ఆకుల అడుగు భాగానికి గట్టిగా నీళ్ళధార కొడితే సగం పీడ వదులుతుంది. ఆకు మొదళ్ళలో దూదిలా తెల్లగా అంటుకున్నది పిండినల్లి. పైన మైనం పూత ఉంటుంది కనక ఒట్టి నీళ్ళకు లొంగదు, స్పిరిట్‌లో ముంచిన దూదితో ఒక్కొక్కటీ తుడవాలి. కాండం మీద కదలకుండా గోధుమరంగు బుడిపెలుంటే పొలుసు పురుగు, గోటితో గీకెయ్యి. ఆకు జిగటగా ఉండి నల్లటి మసి పట్టిందా, చీమలు బారులు కట్టాయా? చీమల్ని తిట్టకు. పైన ఎక్కడో రసం పీల్చే పురుగుంది, అది విసర్జించే తియ్యటి బంక కోసం చీమలొచ్చాయి, ఆ బంక మీదే మసిబూజు పెరిగింది. లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, అది నీటిలో కలవడానికి రెండు చుక్కల సబ్బునీరు, సాయంత్రం పూట ఆకు వెనక తడిసేట్టు కొట్టు. గుడ్లు దీనికి చావవు కనక వారానికోసారి చొప్పున మూడు వారాలు. మట్టి మీద ముసిరే చిన్న ఈగలకు మాత్రం మందు అక్కర్లేదు, బియ్యం కడిగిన నీళ్ళు పోయడం మానేసి పైమట్టి ఆరనివ్వు.

మొన్న తెల్లారగట్ల మనీ ప్లాంటు ఆకు కొసన నీటిబొట్టు చూసి ఏదో జబ్బనుకున్నావు. కాదమ్మా. రాత్రి పత్రరంధ్రాలు మూసుకున్నా వేరు నీటిని పైకి నెడుతూనే ఉంటుంది, ఎక్కువైంది కొసనున్న సన్నటి ద్వారంలోంచి బొట్టుగా వస్తుంది. మట్టిలో తడి బాగా ఉందని దానర్థం. ఆ రోజుకు నీళ్ళు పోయకు.

మాడిన కొసలు ఎన్ని చేసినా తిరిగి పచ్చబడవు. మొక్క కోలుకుందో లేదో తెలియాలంటే పాత ఆకుల్ని చూడకు, ఇకమీదట వచ్చే కొత్త ఆకుల్ని చూడు. చూడ్డానికి బాగాలేదనిపిస్తే పదునైన కత్తెరతో ఆకు ఆకారానికే కొస కత్తిరించు, పచ్చటి భాగాన్ని కొయ్యకుండా సన్నటి గోధుమరంగు అంచు వదిలెయ్యి. మనీ ప్లాంటు, డీఫెన్‌బాకియా, పీస్ లిల్లీ మన కంద, చేమల కుటుంబమే, వాటి రసంలోనూ దురదపెట్టే సూదుల్లాంటి కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలు ఉంటాయి. కోశాక చేతులు సబ్బుతో కడుక్కో, ఈలోపు కళ్ళు నలుపుకోకు. పక్కింటి చంటాడు పాక్కుంటూ వస్తున్నాడన్నావు కదా, డీఫెన్‌బాకియా కుండీ వాడికి అందని ఎత్తున పెట్టు.